వట్టివేరులో ‘వట్టి’ ఏమిటి?

ఎండలు ముదరగానే పచారీ కొట్ల ముందు గోధుమరంగు వేళ్ళ కట్టలు వేలాడతాయి. మంచినీళ్ళ కుండలో వేసుకోవడానికి కొందరు, కిటికీకి తడక కట్టించుకోవడానికి కొందరు కొనుక్కుపోతారు. చేత్తో పట్టుకుంటే గరగరలాడే ఆ కట్టకు వాసన అంతంతమాత్రమే. నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరిస్తే మాత్రం తొలకరి మట్టి వాసనలాంటిది గదంతా అలుముకుంటుంది. వట్టివేరు ఎరగని తెలుగిల్లు తక్కువే. ఆ వేరు మీద మొలిచే గడ్డి ఎలా ఉంటుందో చెప్పమంటే మాత్రం తడుముకునేవాళ్ళే ఎక్కువ. అందులో సగం తప్పు పేరుదే. పేరులో వేరు ఉంది గాని గడ్డి లేదు.

ఈ మాటెత్తడానికి కారణముంది. నీటికి కటకటలాడే ఊళ్ళలో పచ్చిక పరిచి, పూటపూటా తడిపే ఓపిక లేనివాళ్ళు ఇప్పుడు దుబ్బుగడ్డి జాతుల వైపు చూస్తున్నారు. ఆ జాతుల్లో మనకు అన్నిటికన్నా దగ్గరిది వట్టివేరు గడ్డే. నిలువుగా లేచి చివరన వంగే సన్నని ఆకులు, మనిషి ఛాతీ ఎత్తు దుబ్బు, అప్పుడప్పుడు ఊదారంగు వెన్నులు. ప్రహరీ వెంట వరసగా పెడితే చూడముచ్చటగా ఉంటుంది.

ముందు ‘వట్టి’ సంగతి. వట్టి చేతులతో వచ్చాడంటాం, వట్టి నేల మీద పడుకున్నాడంటాం. వట్టి మాటలు సరేసరి. కోడలు వట్టిమనిషి కాదంటే కడుపుతో ఉందని అర్థం. జనం నోట ఇది ‘ఒట్టి’ కూడా అవుతుంది. వీటన్నిటినీ ఒక్కచోట పెట్టి చూస్తే ‘ఏమీ లేనిది’ అన్న అర్థం తేలుతుంది. కాని అది పుట్టుకర్థం కాదు. పాలు ఆగిపోయిన ఆవును వట్టిపోయిందంటాం, అసలు గుట్టు అక్కడుంది. వట్టడమంటే ఇంకిపోవడం, ఎండిపోవడం. తడి పోయింది కాబట్టి ఖాళీ, ఖాళీ కాబట్టి పనికిరానిది. మాట ఆ వరసలో దిగజారింది. వట్టి గొడ్డుకు అరుపులెక్కువ అన్న సామెతలో మొదటి అర్థం, చివరి అర్థం రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

తమిళంలో ఇదే ధాతువు ‘వఱ్ఱు’. ఎండబెట్టిన కూరముక్కలను వాళ్ళు ‘వఱ్ఱల్’ అంటారు. చెన్నైలో కాపురమున్న తెలుగువాళ్ళకు వత్తకుళంబు రుచి తెలిసే ఉంటుంది, ఆ ‘వత్త’ ఇదే. తమిళ ఱ్ఱ తెలుగులో ట్ట కావడం కొత్తేమీ కాదు. వాళ్ళ పఱ్ఱు మన పట్టు, చుఱ్ఱు మన చుట్టు, పుఱ్ఱు మన పుట్ట. ఆ లెక్కన వఱ్ఱు మన వట్టు.

చిక్కేమిటంటే, తమిళులు ఈ వేరును వఱ్ఱువేర్ అనరు, ‘వెట్టివేర్’ అంటారు. వెట్టడమంటే వాళ్ళకు నరకడం, తవ్వడం. బావి తవ్వడానికీ అదే మాట. కాబట్టి ‘తవ్వి తీసిన వేరు’ అన్న వివరణ చెల్లిపోతుంది. ఫ్రెంచివాళ్ళు తమిళరూపాన్నే అందుకుని ‘వెటివెర్’ అన్నారు, అత్తరు వ్యాపారం దాన్ని లోకమంతా తిప్పింది. 1959లో గెర్లాన్ కంపెనీ తన పరిమళానికి ఆ పేరే పెట్టింది. తెలుగు రూపానికి ఆ వైభవం దక్కలేదు. అయినా నా ఓటు తెలుగు రూపానికే. తవ్వి తీయని వేరంటూ ఉండదు. పసుపైనా అల్లమైనా శతావరైనా తవ్వే తీయాలి. ఎండి కట్టగా అంగడికొచ్చి, ఎండినా గుణం చావక, తడి తగలగానే మళ్ళీ లేచే వేరు మాత్రం ఇదొక్కటే. దీనికి ‘ఎండువేరు’ అని పేరు పెట్టినవాడు వస్తువును చేత్తో పట్టుకుని చూసి పెట్టాడు.

వేరు దగ్గర కూడా ఒక్క క్షణం ఆగాలి. మూలం అనే అర్థంలో అది వేరు. విడి అనే అర్థంలో పూర్వం బండి ఱతో ‘వేఱు’. తమిళంలో ఈ తేడా ఇంకా నిలిచే ఉంది. మనం ఱను వదిలేసుకున్నాక రెండూ ఒక్కటైపోయాయి. తోటమాలికి మాత్రం ఈ కలయిక అచ్చొచ్చింది. ఈ గడ్డిని పెంచడమంటే దుబ్బును వేరుచేసి వేరుతో సహా నాటడమే కదా.

సంస్కృతం ఇక్కడ మనకన్నా జాగ్రత్తపడింది. అమరకోశం గడ్డికి వీరణం అనీ, దాని వేరుకు ఉశీరం అనీ విడివిడిగా పేర్లు చెప్పింది. వేరుకు నలదం, సేవ్యం, జలాశయం, లామజ్జకం అని ఇంకా పేర్లున్నాయి. కన్నడిగుల లావంచ, మలయాళీల రామచ్చం వింటే ఆ లామజ్జకమే చెవిలో మోగుతుంది. శాకుంతలం మూడో అంకంలో శకుంతల తాపానికి పూసేది ఉశీరలేపం. ధమ్మపదం తృష్ణావర్గంలో రెండు పేర్లూ ఒక్కచోటే వస్తాయి: ఉసీరం కోరేవాడు బీరణాన్ని తవ్వినట్టు తృష్ణ మూలాన్ని తవ్వెయ్యమని బుద్ధుడి ఉపదేశం. గడ్డి వేరు, వేరు వేరు అని ఆ కాలపు శ్రోతకు తెలుసు.

పారసీకులది ఎదురుదారి. వాళ్ళ ‘ఖస్’ అంటే గడ్డిపరక. ఉత్తరాదిన వేరుకూ షర్బత్తుకూ ఆ పేరే స్థిరపడింది. కొట్లో ఖస్‌ఖస్ అని అడిగితే గసగసాలు పొట్లం కట్టి ఇచ్చే ప్రమాదముంది. అది ఖష్‌ఖాష్ అనే వేరే మాట నుంచి వచ్చింది, దీనికీ దానికీ చుట్టరికం లేదు.

వృక్షశాస్త్రజ్ఞులు ఈ గడ్డికి వెటివేరియా అని ప్రత్యేక ప్రజాతే కట్టారు. 1999లో వెల్ట్‌క్యాంప్ దాన్ని క్రైసోపోగాన్‌లో కలిపేశాక ఆ ముచ్చటా తీరింది. ఇప్పుడు శాస్త్రనామం క్రైసోపోగాన్ జిజానియాయిడిస్. మొదటి ముక్కకు బంగారు గడ్డమని అర్థం. రెండోదానికి జిజానియా గడ్డిని పోలినదని. ఆ జిజానియా గ్రీకులో గోధుమచేల కలుపుకు పెట్టిన పేరు. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో తెలుగు బైబిలు ‘గురుగులు’ అన్నది దాన్నే. ఇంత మంచి గడ్డికి గురుగుల పోలిక అంటగట్టడం నాకైతే నచ్చలేదు.

పేరులో వేరే ఉంటే పోయేదేమిటని అడగవచ్చు. హైతీ దక్షిణతీరంలో లె కాయ్ చుట్టుపక్కల కొండవాలుల్లో పేదరైతులు ఈ పంట వేస్తారు. ప్రపంచంలో వట్టివేరు నూనె ఎక్కువగా వచ్చేది ఆ దేశం నుంచే. నూనె కోసం దుబ్బును మొత్తంగా పెళ్ళగించాలి. పెళ్ళగించిన వాలు మీద వానపడితే మట్టి కొట్టుకుపోతుంది. ఇటు కర్ణాటకలో గుండ్లుపేట రైతులు ఇదే గడ్డిని తరాలుగా పొలంగట్ల మీద సరిహద్దుకు పెంచుతూ వచ్చారు, వేరు జోలికి పోలేదు. 1980లలో ప్రపంచబ్యాంకు తరఫున ఇండియాలో పనిచేసిన జాన్ గ్రీన్‌ఫీల్డ్, రిచర్డ్ గ్రిమ్‌షా మట్టికోతకు ఈ గడ్డికంచె విరుగుడని ఊరూరా చెప్పారు. ఒకచోట మట్టిని పోగొట్టే గడ్డే ఇంకోచోట మట్టిని నిలుపుతోంది. తేడా అంతా గునపం వేస్తారా, కొడవలి వేస్తారా అన్నదే.

తోటలో పెంచేవాళ్ళకు కావలసింది కొడవలి. నిండా ఎండ తగిలే చోటు చూసుకోవాలి, చెట్టు నీడన ఇది క్షీణిస్తుంది. రెండు మూడు పిలకలున్న మొదలు తీసుకుని, ఆకును జానెడు ఉంచి కోసి, వేళ్ళను పొట్టిగా కత్తిరించి తొలకరిలో నాటాలి. కంచెకైతే పిలకకూ పిలకకూ మధ్య 10 నుంచి 15 సెంటీమీటర్లు చాలు. విడిదుబ్బు అందం చూడాలంటే మీటరు ఎడం ఇవ్వండి. మొదటి రెండు మూడు నెలలు తడి ఆరనివ్వకూడదు. ఆ తర్వాత వేరు తన దారి తాను చూసుకుంటుంది. పక్కకు పాకదు, నిట్టనిలువుగా మూడు మీటర్లకు పైనే దిగిపోతుంది. పై మట్టి ఎండి నెర్రెలిచ్చినా దుబ్బు పచ్చగా ఉండే రహస్యం అదే. ఏడాదికొకటి రెండుసార్లు మోకాలెత్తున కోసేస్తే కొత్త పిలకలు వేస్తుంది. కోయకుండా వదిలేస్తే ఎండాకు పేరుకుని నడిమధ్య బోలుపడుతుంది. ముదురాకు అంచు కోసుకుంటుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి. కుండీలో పెంచాలనుకునేవాళ్ళు ఆలోచించుకోవాలి. వేరు కుండీని చూస్తుండగానే నింపేస్తుంది. ఏటా దించి విడదీసే ఓపికుంటేనే పెట్టుకోవాలి.

కొనేటప్పుడు రకం అడగడం మరవద్దు. ఉత్తరాది రకం గింజ కట్టి రాలుతుంది, దక్షిణాది సాగురకం గింజ కట్టదు. తోటకు రెండోదే మంచిది, పిలక నాటినచోట తప్ప ఇంకెక్కడా మొలవదు. లక్నోలోని సీమాప్ సంస్థ ధరిణి, గులాబీ, కేసరి అని రకాలు విడుదల చేసింది. అవి నూనె కోసం ఎంచినవి. హైదరాబాదు బోడుప్పల్‌లో ఆ సంస్థకు కేంద్రముంది, అక్కడ విచారించవచ్చు.

ఇక మిగిలింది పేరు. గడ్డికి తెలుగులో పేరు లేదని కాదు. పాత మొక్కల జాబితాల్లో అవురుగడ్డి అని ఉంది, కొందరు ఔరు అని రాశారు. వీరణానికి అవురు, ఉశీరానికి వట్టివేరు, లెక్క చక్కగా సరిపోతుంది. అంగట్లో ఎండుకట్టను వట్టివేరనీ, పెరట్లో పచ్చదుబ్బును అవురనీ అంటే ఎవరికీ నష్టం లేదు. మీ ఊళ్ళో చెరువుగట్టు మీదో వాగు ఒడ్డునో ఈ గడ్డి ఉంటే, పెద్దవాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో కనుక్కుని, ఊరి పేరుతో సహా రాసి పంపండి.