వెస్ట్ నైల్ వైరస్: మనుషుల కంటే ముందు దోమల్లోనే తెలిసింది.. 2012లో డల్లాస్‌లో ఏం జరిగింది? దోమలపై నిఘా ఎలా పెడతారు?

అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో డల్లాస్ ఒకటి. ఎండాకాలం వచ్చిందంటే అక్కడ ఆరోగ్య శాఖల నుంచి ఒక ప్రకటన తరచూ వస్తుంటుంది.. ఫలానా ఏరియాలో పట్టిన దోమల్లో వెస్ట్ నైల్ వైరస్ పాజిటివ్ అని. ఇంకా ఎవరికీ జ్వరం రాలేదు, దోమకు టెస్ట్ చేసి పాజిటివ్ అనడమేంటని కొత్తగా వెళ్లినవాళ్లకు వింతగా ఉంటుంది. కానీ అక్కడివాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోరు. 2012లో వాళ్లు చూసింది అలాంటిది.

ఆ ఏడాది అమెరికా మొత్తం మీద 5,674 వెస్ట్ నైల్ కేసులు, 286 మరణాలు నమోదయ్యాయి. అందులో మూడో వంతు కేసులు ఒక్క టెక్సాస్‌లోనే. డల్లాస్ కౌంటీలో 398 మంది జబ్బుపడ్డారు. వారిలో 173 మందికి వైరస్ మెదడు, నరాల దాకా వెళ్లింది. 19 మంది చనిపోయారు.

ఈ వైరస్‌ను మొదట 1937లో ఉగాండాలోని వెస్ట్ నైల్ జిల్లాలో గుర్తించారు. ఆ పేరు అలా వచ్చిందే. అమెరికాలో 1999లో న్యూయార్క్‌లో బయటపడింది. అక్కడ కాకులు, జూలో పక్షులు వరసగా చచ్చిపడుతుంటే అనుమానం వచ్చింది. ఎందుకంటే ఇది ప్రధానంగా పక్షుల వైరస్. పక్షిని కుట్టిన దోమ మరో పక్షిని కుడుతుంది, అలా చక్రం తిరుగుతుంది. మధ్యలో మనిషి దొరికితే మనిషినీ కుడుతుంది. మనిషి రక్తంలో వైరస్ అంత ఎక్కువగా పెరగదు కాబట్టి, అతణ్ని కుట్టిన దోమ ద్వారా ఇంకొకరికి అంటదు. డెంగీకి, దీనికి ఉన్న పెద్ద తేడా ఇదే.

ఆ దోమ మనకు పాతదే

డల్లాస్‌లో దీన్ని మోసేది క్యూలెక్స్ క్విన్‌క్విఫాసియాటస్ అనే దోమ. పేరు కొత్తగా ఉన్నా దోమ కొత్తది కాదు. మన ఊళ్లలో మురికి కాల్వల్లో పెరిగి, పొద్దుగూకగానే చెవి దగ్గర గుంయ్‌మనేది ఇదే. గోదావరి జిల్లాల్లో బోదకాలును వ్యాపింపజేసిందీ ఇదే. డెంగీ దోమలా పగలు కాదు, సాయంత్రం నుంచి తెల్లారేదాకా కుడుతుంది.

దీన్ని పట్టడానికి వాడే ట్రాప్ చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఒక ప్లాస్టిక్ టబ్బులో ఎండుగడ్డి నానబెట్టి కుళ్లబెట్టిన నీళ్లు పోస్తారు. పైన బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను, దానికో వల సంచి. గుడ్లు పెట్టడానికి మురుగు నీళ్లు వెతుక్కుంటూ వచ్చిన ఆడ దోమను ఫ్యాను సంచిలోకి లాగేస్తుంది. గుడ్లతో ఉన్న దోమంటే అప్పటికే ఒకసారి రక్తం తాగిన దోమ. అంటే వైరస్ ఉంటే గింటే దానిలోనే ఉండే అవకాశం ఎక్కువ. తెల్లారాక సంచులు ల్యాబ్‌కు చేరతాయి. అక్కడ ఏ జాతి, ఆడదా మగదా అని వేరుచేసి, సాధారణంగా యాభై వరకు దోమల్ని ఒక గుంపుగా కలిపి నూరి, ఆర్టీ-పీసీఆర్ చేస్తారు. కోవిడ్ పుణ్యమా అని ఆ పరీక్ష పేరు ఇప్పుడు అందరికీ తెలుసు.

వచ్చిన లెక్కను ‘వెక్టర్ ఇండెక్స్’ అంటారు. ట్రాప్‌కు రాత్రికి సగటున 50 దోమలు పడ్డాయనుకుందాం. వాటిలో నూటికి ఒకదానికి వైరస్ ఉంటే ఇండెక్స్ 0.5. దోమలు ఎన్ని ఉన్నాయన్నదీ, వాటిలో ఎన్ని ప్రమాదకరమన్నదీ రెండూ ఒకే అంకెలో తెలుస్తాయన్నమాట. ట్రాప్ పెట్టని వీధిలో దోమలు లేవని మాత్రం అనుకోకూడదు.

ఆగస్టు దాకా ఎందుకు ఆగారు?

2012కు ముందు చలికాలం డల్లాస్‌లో గట్టిగా గడ్డకట్టే చలే పడలేదు. అంతకుముందు పదేళ్లలో అంత వెచ్చని చలికాలం లేదు. దోమల్లో వైరస్ తొందరగా, వేగంగా పెరిగింది. కేసులు మామూలు కంటే నెల ముందే పతాక స్థాయికి వెళ్లాయి. కానీ మనుషుల కేసుల లెక్క ఎప్పుడూ వెనకే నడుస్తుంది. దోమ కుట్టాక లక్షణాలు రావడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. తర్వాత ఆసుపత్రి, టెస్టు, రిపోర్టు.. ఫైలు అధికారి టేబుల్ మీదికి వచ్చేసరికి ఇంకెందరినో దోమలు కుట్టేసి ఉంటాయి.

ఆగస్టు 9న కౌంటీ జడ్జి విపత్తు ప్రకటన చేశారు (అక్కడ కౌంటీ పాలనాధిపతిని జడ్జి అంటారు, కోర్టు జడ్జి కాదు). ఆగస్టు 16 రాత్రి విమానాలతో మందు కొట్టడం మొదలైంది. 1966 తర్వాత డల్లాస్‌లో అలా చేయడం అదే మొదటిసారి. ఆకాశం నుంచి మందు చల్లితే మా పిల్లల సంగతేంటి, తేనెటీగల సంగతేంటి అని జనం గొడవ చేశారు. అది అర్థం చేసుకోదగ్గ భయమే. తర్వాత లెక్కలు తీస్తే, స్ప్రే వల్ల ఊపిరాడక, ఒంటిపై దద్దుర్లతో ఎమర్జెన్సీకి వచ్చినవారి సంఖ్య పెరిగినట్టు కనిపించలేదు.

2013లో వచ్చిన వైద్య పరిశోధన అసలు విషయం బయటపెట్టింది. 2012 సీజన్ మొదట్లో వారం వారం ఇండెక్స్ పెరిగిన కొద్దీ, ఆ తర్వాత ఒకటి రెండు వారాల్లో జబ్బుపడేవారు పెరిగారు. అంటే హెచ్చరిక దోమల లెక్కల్లో ముందే ఉంది! ఇంకో సంగతి.. తీవ్రమైన కేసులు ఎక్కువగా వచ్చింది ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండి, ఆస్తుల ధరలు ఎక్కువున్న ప్రాంతాల్లో. దోమలంటే పేదల బస్తీల సమస్య అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

అమ్మానాన్నలు అమెరికా వెళ్తుంటే..

పిల్లల దగ్గరికి పెద్దవాళ్లు వెళ్లేది ఎక్కువగా ఎండాకాలంలోనే, వాకింగ్‌కు బయల్దేరేది సాయంత్రమే. సరిగ్గా ఈ దోమ లేచే వేళ. వైరస్ సోకిన పది మందిలో ఎనిమిది మందికి ఏ లక్షణాలూ ఉండవు. మిగతావారిలో ఎక్కువమందికి జ్వరం, ఒళ్లునొప్పులతో పోతుంది. దాదాపు 150 మందిలో ఒకరికి మాత్రం మెదడు, నరాలకు పాకుతుంది. అరవై దాటినవారికే ఆ ముప్పు ఎక్కువ. అలా తీవ్రమైనవారిలో పదిమందిలో ఒకరు చనిపోతున్నారు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. గుర్రాలకు టీకా ఉంది గానీ మనుషులకు ఇంకా రాలేదు. పొడుగు చేతుల చొక్కా, డీట్ ఉన్న క్రీము, కుండీల కింద నిలిచిన నీళ్లు పారబోయడం.. చేతిలో ఉన్నవి ఇవే.

జ్వరంతో పాటు మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, అయోమయంగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ డాక్టర్‌కు ఒక మాట తప్పక చెప్పాలి. గతంలో డెంగీ వచ్చినా, మెదడువాపు టీకా వేయించుకున్నా ఆ సంగతి దాచొద్దు. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన వైరస్‌లు కావడంతో, పాత యాంటీబాడీల వల్ల వెస్ట్ నైల్ రక్తపరీక్ష పొరపాటున పాజిటివ్ చూపించొచ్చు. అప్పుడు నిర్ధారణకు మరో పరీక్ష చేయిస్తారు.