మాడిఫైడ్ సైలెన్సర్

మోటారు వాహనానికి, మన దగ్గర ఎక్కువగా బుల్లెట్ బండ్లకు, కంపెనీ సైలెన్సర్ తీసేసి మోత కోసం బిగించే గొట్టం. ఇంజన్ నుంచి పొగ పీడన తరంగాలుగా తన్నుకొస్తుంది. అసలు సైలెన్సర్‌లోని అరలు, చిల్లుల గొట్టాలు ఆ తరంగాలను ఒకదానితో ఒకటి ఢీకొట్టించి చాలావరకు అణచివేస్తాయి. ఆ అడ్డంకులు లేకపోతే మోత నేరుగా బయటపడుతుంది. బండికి బలం పెరుగుతుందన్నది చాలామటుకు భ్రమే. ఇంధన సరఫరాను తగ్గట్టు సరిచేయనిదే ఒరిగేది స్వల్పం. క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పీకేస్తే విషవాయువులు పెరుగుతాయి. హైదరాబాద్, విశాఖపట్నం పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్లతో తొక్కించారు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద తొలి నేరానికి 3 నెలల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.