‘నాళె బా’ నుంచి ఫార్వర్డ్ దాకా: బెంగళూరులో పుకారు నడిచిన దారి



మన గ్రూపులో ఏది పెట్టవచ్చు, ఏది పెట్టకూడదు అనే చర్చ ఏడాదికి ఒకసారైనా వస్తుంది. అడ్మిన్లు మరీ కఠినంగా ఉన్నారని కొందరంటారు, అసలు పట్టించుకోవడం లేదని కొందరంటారు. ఈసారి ఆ చర్చలోకి దిగే ముందు ఈ ఊరి చరిత్ర కొంచెం చూసుకుందాం. వాట్సాప్‌లో వచ్చిన మెసేజీని ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయలేమని మనందరికీ తెలుసు. ఆ ఐదు అనే అంకె ఏదో కంపెనీ ఆఫీసులో ఊరికే పుట్టలేదు. దాని వెనక మన కర్ణాటకలో, మన తెలుగు జిల్లాల్లో, ఇంకా దేశంలో చాలాచోట్ల పోయిన ప్రాణాలున్నాయి.

ముందుగా ఫోను లేని రోజుల సంగతి. 1990లలో బెంగళూరులో ఉన్నవాళ్ళను అడిగితే ‘నాళె బా’ గురించి చెబుతారు. రాత్రిపూట ఒక దయ్యం వీధిలోకి వచ్చి తలుపు కొడుతుందని, అమ్మ గొంతుతోనో భార్య గొంతుతోనో పిలుస్తుందని, తలుపు తీసినవాడు బతకడని పుకారు. దానికి విరుగుడుగా తలుపు మీద కన్నడంలో ‘నాళె బా’, అంటే ‘రేపు రా’ అని రాసేవారు. దయ్యం అది చదువుకుని వెళ్ళిపోతుంది, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుతుంది. మన తెలుగు ఊళ్ళలో ఇదే ‘ఓ స్త్రీ రేపు రా’ అయింది. మన సభ్యుల్లో చాలామంది చిన్నప్పుడు ఆ రాతలు చూసినవాళ్ళే. రాయడానికి సుద్దముక్క చాలు. ఆ పుకారు బస్సులో వెళ్ళే మనిషితోపాటు వెళ్ళేది, కాబట్టి ఒక జిల్లా దాటడానికి దానికి రోజులు పట్టేది.

తర్వాత పసుపు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడనే వార్త తెల్లవారుజామున ఢిల్లీలో మొదలై ఒక్క రోజులో దేశమంతా పాకింది. విదేశాల్లోని గుళ్ళలో కూడా చెంచాలతో పాలు పట్టుకుని జనం నిలబడ్డారు. అప్పటికి మన దేశంలో సెల్‌ఫోను వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఆ వార్తను మోసింది ముఖ్యంగా ఇంటి ఫోన్లూ ఎస్టీడీ బూత్‌లే. శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలతో చేసి చూపించారు. తలతన్యత వల్ల పాలు చెంచా అంచు నుంచి విగ్రహం మీదికి ఎక్కి, పలుచని పొరగా కిందికి జారుతున్నాయని వివరించారు. ఎవరికీ హాని జరగలేదు. కానీ ఒకటి రుజువైంది. ‘మా అన్నయ్య స్వయంగా చూశాడట’ అన్న మాట ఫోనులో వస్తే ఒక్క పూటలో దేశం చుట్టి వస్తుంది.

ఇక 2012. ఇక్కడినుంచి సరదా కథలు అయిపోయాయి.

ఆ ఏడాది జులైలో అస్సాంలోని కోక్రాఝార్ ప్రాంతంలో బోడోలకూ ముస్లింలకూ మధ్య పెద్ద హింస జరిగింది. ఆగస్టు నెల మధ్యకల్లా బెంగళూరులో ఉంటున్న ఈశాన్య రాష్ట్రాలవారి ఫోన్లకు ఎస్సెమ్మెస్‌లు రావడం మొదలైంది. రంజాన్ అయ్యేలోగా ఊరు వదిలి వెళ్ళిపోండి, లేకపోతే దాడులు జరుగుతాయని. ఆ సంవత్సరం పండుగ ఆగస్టు 20న. ఎక్కడో భూకంపంలో, మరెక్కడో జరిగిన గొడవల్లో తీసిన ఫొటోలను అస్సాం ఫొటోలని చెప్పి ఇంటర్నెట్‌లో తిప్పారు. ఆగస్టు 15 సాయంత్రానికి సిటీ స్టేషన్ (ఇప్పటి సంగొళ్ళి రాయణ్ణ స్టేషన్) నిండిపోయింది. సెక్యూరిటీ గార్డులు, హోటల్ పనివాళ్ళు, బ్యూటీ పార్లర్ అమ్మాయిలు, విద్యార్థులు చేతికందిన బ్యాగుతో గువాహటి రైలు కోసం నిలబడ్డారు. రైల్వేవాళ్ళు ప్రత్యేక రైళ్ళు వేశారు. మూడు రోజుల్లో 30,000 మంది దాకా వెళ్ళిపోయారని అప్పటి పత్రికలు రాశాయి. సికింద్రాబాద్, చెన్నై, పుణె స్టేషన్లలో కూడా అదే దృశ్యం.

అప్పటి ముఖ్యమంత్రి జగదీశ్ శెట్టర్ భద్రతకు హామీ ఇచ్చారు. హోం మంత్రి ఆర్. అశోక స్వయంగా స్టేషన్‌కు వెళ్ళి వెళ్ళవద్దని బతిమాలారు. అయినా రైలెక్కినవాళ్ళు ఎక్కువే. ఎందుకని? మంత్రి ఎవరో వాళ్ళకు తెలియదు. ‘వచ్చేయ్ బాబూ’ అని ఫోనులో ఏడుస్తున్నది మాత్రం కన్నతల్లి. ఎస్సెమ్మెస్ పంపినది తమ ఊరివాడు, తమ భాషవాడు, తమ సంఘం పెద్ద. ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. మొదటి మెసేజీ తయారుచేసినవాడు దుర్మార్గుడే అయి ఉండవచ్చు. దాన్ని 30,000 మంది దాకా చేర్చింది మాత్రం ప్రేమతో, భయంతో పంపినవాళ్ళే. పుకారులో చెప్పినట్టు ఈశాన్యంవారి మీద సామూహిక దాడి ఏదీ ఈ నగరంలో జరగలేదు. కొన్ని వారాల్లో చాలామంది తిరిగి వచ్చారు. ఆ నెల జీతం, ఆ ఉద్యోగం, రైలు ఖర్చు మాత్రం పోయినట్టే.

ఆగస్టు 17న కేంద్ర ప్రభుత్వం మూకుమ్మడి ఎస్సెమ్మెస్‌ల మీద 15 రోజుల నిషేధం పెట్టింది. ఐదుకు మించి పంపడానికి వీల్లేదంది. జనం గగ్గోలు పెడితే వారం తిరగకముందే ఐదును 20 చేశారు. ఫోనులో ఒక మాట ఎంతమందికి వెళ్ళాలో లెక్క కట్టడానికి ఐదు అనే అంకె మన జీవితంలోకి వచ్చింది అప్పుడే.

2016 ఏప్రిల్‌లో వాట్సాప్ సందేశాలు పూర్తిగా ఎన్‌క్రిప్ట్ అయ్యాయి. అంటే పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప మూడోవాళ్ళు చదవలేరు. సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. వీడియో పంపడం ఎస్సెమ్మెస్ కంటే తేలికైపోయింది. అదే నెలలో కావేరి గొడవ వచ్చింది. ఒక కుర్రాడిని కొట్టిన వీడియో, దానికి బదులుగా అటువైపు నుంచి మరో వీడియో ఫోన్లలో తిరిగాయి. సెప్టెంబరు 12న నగరంలో తమిళనాడు నంబరున్న బస్సులు, లారీలు తగలబడ్డాయి. 16 పోలీసు స్టేషన్ల పరిధిలో కర్ఫ్యూ పెట్టారు. ఆ రోజు తగాదా మనది కాదు. కానీ బండి నంబరు చూసి, మాట్లాడే భాష విని మనిషిని లెక్కగట్టే రోజు ఎలా ఉంటుందో, ఏపీ, టీఎస్ నంబరు బళ్ళమీద తిరిగే మనవాళ్ళకు కూడా అర్థమైంది.

2018లో ఈ దారి చివరికి చేరింది. ఆ ఎండాకాలం దక్షిణాది అంతటా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో తిరిగింది. మన తెలుగు జిల్లాల్లో దానికి ‘పార్థీ గ్యాంగ్’ అని పేరు. మోటారు సైకిల్ మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోయే వీడియో ఒకటి బెంగళూరులో కూడా తిరిగింది. నిజానికి అది కరాచీలో ‘రోష్ని హెల్ప్‌లైన్’ అనే సంస్థ తల్లిదండ్రుల్ని హెచ్చరించడానికి తీయించిన ప్రకటన. దాని చివర ఆ ఇద్దరూ తిరిగి వచ్చి పిల్లవాణ్ణి దింపేస్తారు, హెచ్చరిక రాసి ఉన్న అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్కను కత్తిరించి పంపారు. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని చెప్పడానికి తీసిన సినిమా మనుషుల్ని చంపించింది.

మే 23న బెంగళూరు చామరాజపేటలో, పని వెతుక్కుంటూ రాజస్థాన్ నుంచి వచ్చిన 26 ఏళ్ళ యువకుణ్ణి జనం పిల్లల దొంగ అనుకుని తాళ్ళతో కట్టి, కొట్టి చంపారు. అదే వారంలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, మహబూబ్‌నగర్ వైపు నుంచి భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళను చంపారు. జులై 13న బీదర్ జిల్లాకు హైదరాబాదు నుంచి కొందరు మిత్రులు కారులో వెళ్ళారు. ఒకరు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఇంకొకరు ఖతార్ నుంచి వచ్చిన అతిథి. దారిలో స్కూలు పిల్లలకు విదేశీ చాక్లెట్లు పంచారు. ఊళ్ళోవాళ్ళు అనుమానించి నిలదీశారు. కారు కదిలి వెళ్ళేసరికి దాని వీడియో వాట్సాప్‌లో ముందున్న ముర్కి గ్రామానికి చేరిపోయింది. అక్కడ దారికి అడ్డం పెట్టి పట్టుకున్నారు. ఇంజినీరు చనిపోయాడు. మిగతావాళ్ళు, కాపాడబోయిన పోలీసులు గాయపడ్డారు. తర్వాత అరెస్టయిన సుమారు 30 మందిలో ఆ వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు.

ఒక్కసారి ఈ పేర్లు లేని మనుషుల్ని వరుసగా పెట్టి చూడండి. రాజస్థాన్ కూలి, పొరుగు జిల్లా బిచ్చగత్తె, హైదరాబాదు ఇంజినీరు. ముగ్గురూ ఆ చోటుకు కొత్తవాళ్ళు. ముగ్గురికీ ‘వీళ్ళు నాకు తెలుసు’ అని అడ్డుపడి చెప్పే మనిషి అక్కడ లేడు. మనం ఈ ఊళ్ళో తరతరాలుగా ఉన్నాం, నిజమే. అయినా నిన్న అనంతపురం నుంచో ఖమ్మం నుంచో దిగి మారతహళ్ళి పీజీలో చేరిన కుర్రాడు ఆ వీధికి కొత్తవాడే. సంఘాలు పెట్టుకున్నదే అలాంటివాడికి ‘వీడు మనవాడు’ అని చెప్పే మనిషి ఒకడు ఉండాలని కదా.

బీదర్ ఘటన జరిగిన నాలుగు రోజులకు, జులై 17న, సుప్రీంకోర్టు తహసీన్ పూనావాలా కేసులో తీర్పు ఇచ్చింది. మూకదాడులను ఆపడానికి ప్రతి జిల్లాలో ఒక నోడల్ అధికారిని పెట్టాలంది. అదే వారంలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్‌లకు కుదించింది. 2019 జనవరిలో అదే నియమం ప్రపంచమంతటికీ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన మెసేజీ అయితే ఒక్క చాట్‌కే అన్నారు. ఇవి మంచి పనులే. కానీ ఐదు గ్రూపుల్లో ఒక్కోదాంట్లో 256 మంది ఉంటే ఎంతమందో లెక్క వేసుకోండి. అప్పటి గ్రూపు పరిమితి అదే. 2022లో అది 1,024 అయింది. అంకె వేగాన్ని తగ్గిస్తుంది, అంతకంటే దానివల్ల కాదు.

నిజంగా ఆపినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే ఉన్నారు. మన రాయచూరుకు ఆనుకుని ఉన్న జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి, 2018లో ఈ పుకార్లు మొదలవగానే కానిస్టేబుళ్ళకు ఊళ్ళను పంచారు. వాళ్ళు ఊరికి వెళ్ళి జనంతో కూర్చున్నారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. ఏదైనా వీడియో వస్తే ముందు మాకు చూపించండన్నారు. డప్పు కొట్టి, పాటలు కట్టి, అది అబద్ధమని రచ్చబండ దగ్గర చెప్పారు. ఆమె బాధ్యతలో ఉన్న 400కు పైగా గ్రామాల్లో ఈ పుకారు వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. బెంగళూరు స్టేషన్‌లో మంత్రి మాట పనిచేయలేదు, గద్వాలలో కానిస్టేబుల్ మాట పనిచేసింది. ఊరివాళ్ళకు ఆ కానిస్టేబుల్ మొహం తెలుసు, పేరు తెలుసు, అడిగితే రేపు కూడా అక్కడే ఉంటాడు. పుకారు తెలిసిన మనిషి ద్వారా వస్తుంది. దాన్ని తిప్పి పంపడానికీ తెలిసిన మనిషే కావాలి.

ఇప్పటి సంగతికి వస్తే, ఆ ‘నాళె బా’ దయ్యం మళ్ళీ వచ్చింది. మనకు తెలిసిన గొంతుతోనే పిలుస్తోంది. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారి మొహం, గొంతు పెట్టి ఫలానా యాప్‌లో డబ్బు పెట్టమని నకిలీ వీడియోలు తయారుచేశారు. నమ్మి లక్షలు పోగొట్టుకున్నవారు ఈ ఊళ్ళోనే ఉన్నారు. అవి తనవి కావని ఆయనే ప్రకటించాల్సి వచ్చింది. ‘డిజిటల్ అరెస్ట్’ అని వీడియో కాల్‌లో పోలీసు వేషం వేసి పెద్దవాళ్ళను రోజుల తరబడి గదిలో కూర్చోబెట్టి డబ్బు లాగుతున్నారు. చట్టంలో అలాంటి అరెస్టు లేనే లేదు. మన సభ్యుల్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు.

కాబట్టి గ్రూపు విషయంలో మా ప్రతిపాదన ఇది. అడ్మిన్ భయపడాల్సిన పనిలేదు. సభ్యుడు పెట్టినదానికి, అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఎవరి మెసేజీనైనా అందరికీ కనబడకుండా తీసేసే వీలు అడ్మిన్‌కు ఉంది, దాన్ని వాడుకోవాలి, తీసేసినవాణ్ణి తిట్టకూడదు. రెండోది, భయం పుట్టించే వార్త ఏదైనా, అంటే ముఠా, గొడవ, దాడి, కొరత, బ్యాంకు మూత, గ్రూపులో పెట్టేముందు ఒక మనిషికి ఫోను చేయాలి. ఏ వీధి, ఏ రోజు, ఎవరు చూశారు అని అడగాలి. జవాబు ‘ఎవరో పంపారు’ అయితే అది అక్కడే ఆగాలి. మూడోది, సంఘం తరఫున ఏరియాకు ఇద్దరు చొప్పున పేర్లు, ఫోన్లు సభ్యులకు ఇవ్వాలి. కృష్ణరాజపురం అత్తయ్యకు అర్ధరాత్రి ‘పోలీసు’ కాల్ వస్తే తీయడానికి ఒక తెలిసిన గొంతు ఉండాలి. అద్దె ఇంటి వీధిలో మనవాణ్ణి ఎవరైనా అడ్డగిస్తే, స్టేషన్‌కు ఫోను చేసి అక్కడికి నడిచి వెళ్ళే మనిషి ఉండాలి.

ఈ మూడోదానికి పేరు ఇవ్వదలచినవారు ఉగాది సమావేశంలోగా కార్యదర్శికి చెప్పండి. ఇప్పటికే కొందరు ముందుకు వచ్చారు. వైట్‌ఫీల్డ్, యలహంక వైపు ఇంకా ఎవరూ లేరు.