సరుకు చిన్నది, పెట్టె పెద్దది: రవాణా ఛార్జీల చరిత్రలో ఖాళీస్థలం

కీలకపదాలు: అట్టపెట్టె, రవాణా ఛార్జీ, ఘనపరిమాణ భారం, ప్యాకేజింగ్ వ్యర్థాలు

1. ప్రవేశిక

గోరంత మెమరీకార్డు కోసం చెప్పుల జత పట్టేంత అట్టపెట్టె ఇంటికి రావడం నేడు సర్వసాధారణం. మిగిలిన చోటును గాలి నింపిన ప్లాస్టిక్ సంచులు ఆక్రమిస్తాయి. దీనిని సరుకు సర్దే కార్మికుల అజాగ్రత్తగా భావించడం పరిపాటి. అయితే రవాణాదారు దేనిని కొలిచి ఛార్జీ వసూలు చేస్తాడన్నదే ఈ ఖాళీకి ప్రధానకారణమని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. అమెరికా పార్సిల్ రవాణా చరిత్ర ఇందుకు ముఖ్యాధారం.

2. ఓడ కొలిచిన చోటు

ఓడరవాణాలో తేలికైన సరుకుకు బరువును బట్టి కాక అది ఆక్రమించే చోటును బట్టి ఛార్జీ విధించే సంప్రదాయం ఉండేది. 40 ఘనపుటడుగులను ఒక టన్నుగా లెక్కించేవారు. అందువల్ల పత్తి వంటి సరుకును వదులుగా పంపితే వర్తకుడికి నష్టం. భారతదేశం నుంచి ఎగుమతి అయ్యే పత్తిని యంత్రాలతో గట్టిగా అదిమి బేళ్లు కట్టడానికి ఇది బలమైన కారణం. చోటుకు వెల కట్టినపుడు వర్తకుడు ఖాళీని తానే తొలగించుకున్నాడు.

3. అట్టపెట్టె ఆవిర్భావం

ముడతల కాగితం మొదట పెట్టెగా పుట్టలేదు. 1856లో ఇంగ్లండులో పేటెంటు పొందిన ఆ కాగితాన్ని టోపీల లోపలి అంచుకు వాడారు. 1871లో ఆల్బర్ట్ జోన్స్ అమెరికాలో సీసాలు, దీపపు చిమ్నీలు చుట్టడానికి దానిపై పేటెంటు పొందాడు. అంటే తొలిదశలో ఆ కాగితం వస్తువు ఆకృతినే అనుసరించింది.

1879లో బ్రూక్లిన్‌లో రాబర్ట్ గెయిర్ ముద్రణాలయంలో మడత వేయవలసిన లోహపుపట్టీ ఒకటి పొరపాటున సంచులను కోసివేసింది. ఒకే ఒత్తుతో కోత, మడత రెండూ సాధ్యమని గెయిర్ గ్రహించాడు. అట్టపెట్టెలను ఒకే కొలతలో వేలసంఖ్యలో తయారుచేయడానికి దారి ఏర్పడింది. ఇక వస్తువే పెట్టె కొలతకు ఒదగవలసివచ్చింది.

అమెరికన్ రైలుకంపెనీలు చెక్కపెట్టెల కంటే అట్టపెట్టెలకు హెచ్చు ఛార్జీ విధించేవి. ప్రిడమ్ కంపెనీ వేసిన వ్యాజ్యంలో అంతర్‌రాష్ట్ర వాణిజ్య కమిషన్ 1914లో ఈ వివక్షను తోసిపుచ్చింది. పెట్టె తట్టుకొనే ఒత్తిడిని, మోయగల బరువును తెలిపే తయారీదారు ముద్ర నేటికీ పెట్టెల అడుగున కనిపిస్తుంది. ఆ ముద్ర పెట్టె దృఢత్వాన్ని ధ్రువీకరిస్తుంది. లోపలి ఖాళీ గురించి ఏమీ చెప్పదు.

4. గాలి ఉచితప్రయాణం

1957లో న్యూజెర్సీలో ఆల్ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షావాన్ గోడకాగితం తయారుచేయబోయి గాలిబుడగల ప్లాస్టిక్‌ను రూపొందించారు. ఐబీఎం 1401 కంప్యూటర్ల రవాణాతో అది రక్షణపదార్థంగా స్థిరపడింది. దాదాపు బరువులేని పదార్థంతో పెట్టెను నింపడం సాధ్యమైంది.

అమెరికాలో భూమార్గపు పార్సిళ్లలో 3 ఘనపుటడుగులలోపు వాటికి 2014 వరకు ప్రధాన సంస్థలు బరువునే లెక్కించాయి. కొద్దిరకాల పెట్టెలనే నిల్వ ఉంచుకొని, చేతికందినదానిలో సరుకు వేసి పంపడం గిడ్డంగికి లాభసాటి. 2015 ఆరంభం నుంచి ఫెడెక్స్, యూపీఎస్ సంస్థలు చిన్న పార్సిళ్లకూ ఘనపరిమాణ భారాన్ని వర్తింపజేశాయి. పన్నెండేసి అంగుళాల పెట్టె పరిమాణం 1,728 ఘనపుటంగుళాలు. దానిని 166తో భాగిస్తే సుమారు 10.4; పై అంకెకు సవరిస్తే 11 పౌండ్లు. అంతకుముందు ఒక పౌండుగా వెళ్లిన అదే పెట్టె ఇపుడు 11 పౌండ్ల ఛార్జీ చెల్లించాలి. 2017లో ఫెడెక్స్ ఈ భాజకాన్ని 139కి తగ్గించడంతో ఆ భారం 13 పౌండ్లయింది.

5. ధర, చట్టం

ధర ఒక్కటే సమస్యను తీర్చదు. అట్టపెట్టెకు బదులు పలుచని ప్లాస్టిక్ సంచి వాడినా ఘనపరిమాణం తగ్గుతుంది, కాని ఆ సంచిని పునర్వినియోగంలోకి తేవడం అట్ట కంటే కష్టం. ధర చోటును మాత్రమే చూస్తుంది, పదార్థాన్ని చూడదు.

2025లో అమలులోకి వచ్చిన ఐరోపా సమాఖ్య ప్యాకేజింగ్ నిబంధన ఇ-కామర్స్ పెట్టెలో ఖాళీ 50 శాతానికి మించరాదని నిర్దేశించింది. ఈ పరిమితి 2030 నుంచి వర్తింపజేయాలన్నది లక్ష్యం. గాలిసంచులను, కాగితపు ముక్కలను సైతం ఖాళీగానే లెక్కించడం ఇందులో గమనార్హం. భారతదేశంలో 2022 నాటి ప్లాస్టిక్ ప్యాకేజింగ్ మార్గదర్శకాలు ఉత్పత్తిదారుల బాధ్యతను టన్నులలో కొలుస్తాయి. పెట్టెలోని ఖాళీ ఆ లెక్కలోకి రాదు.

6. ముగింపు

పత్తిని అదిమిన వర్తకుడు పొదుపరి కావడం, మెమరీకార్డును పెద్దపెట్టెలో పంపిన గిడ్డంగి దుబారాకు పాల్పడడం వ్యక్తుల స్వభావభేదం కాదు. ఒకరు చోటుకు, మరొకరు బరువుకు డబ్బు చెల్లించారు. మన చట్టాలు బరువుతోపాటు ఖాళీని కూడా కొలవడం ఆరంభిస్తేనే ఆ ఖాళీకి బాధ్యులెవరో తేలుతుంది. అంతవరకు దాని ఖర్చును పురపాలక పారిశుద్ధ్య కార్మికులు, చెత్త ఏరుకొనేవారు తమ శ్రమతో భరిస్తూనే ఉంటారు.