మన పక్కనే ఉన్న కంచ

హైటెక్ సిటీలో పనిచేసే స్నేహితుల్ని మీకిష్టమైన పల్లెటూరేదని అడిగి చూడండి. అమ్మమ్మగారి ఊరి తర్వాత చాలామంది చెప్పే ఊరు జపాన్‌లో ఉంటుంది. 2020లో గిబ్లీ సినిమాలు నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాయి, వెనకే లాక్‌డౌన్ వచ్చింది. కొండాపూర్ ఫ్లాట్లలో కూర్చుని ఎంతమంది ‘మై నైబర్ టొటోరో’ చూశారో! అందులో పెద్ద కథేమీ ఉండదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పొలాల మధ్య పాత ఇల్లు, వానలో బస్సు కోసం ఎదురుచూడటం, పెద్ద చెట్టు కింద ఒక వింత జీవి. అంతే. అయినా సినిమా అయ్యాక కిటికీలోంచి ఎదుటి టవర్‌ని చూస్తే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

నిజానికి ఆ సినిమా పుట్టింది కూడా పోగొట్టుకోవడంలోంచే. మియజాకి 1988లో తీసిన ఆ కథ 1950ల నాటిది. దానికి ప్రేరణ టోక్యో శివార్లలోని సయామా కొండలు. అప్పటికే నగరం వాటిని కొరుక్కుతింటోంది. దక్షిణాన తామా కొండల్లో 1965లో కొత్త పట్టణం ప్లాన్ చేశారు, 1971లో జనం దిగారు. ఆ కొండల్లోని తనుకిలు బుల్డోజర్ల మీద యుద్ధం చేసి ఓడిపోవడమే తకాహతా 1994లో తీసిన ‘పామ్ పోకో’. సయామాలో మాత్రం స్థానికులు 1990లో నిధి మొదలుపెట్టి, చందాలు పోగుచేసి, మరుసటి ఏడాది అడవిలో ఒక ముక్క కొన్నారు. దానికి టొటోరో అడవి అని పేరు పెట్టారు. తర్వాత ఒక్కో ముక్కా కొంటూ పోయారు.

వాళ్ళు కాపాడుకున్నది కీకారణ్యం కాదు. ఊరికి ఆనుకుని, వంటచెరకూ ఆకుఎరువూ ఇచ్చే కొండవాలు. జపనీయులు దాన్ని ‘సాతోయామా’ అంటారు. అటు అడవీ కాదు, ఇటు పొలమూ కాదు. మనుషులు వాడుకోవడం వల్లే అది అలా ఉంటుంది.

మనకీ అలాంటి చోటుకి ఒక మాట ఉంది: కంచ.

దక్కన్ పల్లెలో చెరువు కింద వరి, దాని పైన మెట్ట, ఆ పైన రాళ్ళూ తుప్పలూ గడ్డీ ఉన్న కంచ. పశువులు మేసేది అక్కడ, కట్టెలు ఏరేది అక్కడ, బతుకమ్మకి తంగేడు, గునుగు కోసేదీ అలాంటి చోటే. సీతాఫలాల కోసం గుండ్లెక్కి మోకాళ్ళు చెక్కుకోవడం, తొలకరికి బయటపడే ఎర్రటి ఆరుద్ర పురుగుని అగ్గిపెట్టెలో పెట్టి బడికి పట్టుకుపోవడం ఇక్కడి పిల్లల సాహసాలు. టొటోరో ఒక్కటే తక్కువ.

రుతువులకీ మనకి సొంత లెక్క ఉంది. జపాన్ పాత పంచాంగం ఏడాదిని 72 ముక్కలు చేసింది, ఒక్కోటి ఐదు రోజులు. జూన్ రెండో వారంలో వచ్చే ముక్క పేరు కుళ్ళిన గడ్డి మిణుగురులయ్యే వేళ. ఆ పేర్లు చెప్పే యాప్‌లు ఇప్పుడు మన ఫోన్లలోనూ ఉన్నాయి. సరిగ్గా అవే రోజుల్లో మనకి మృగశిర కార్తె. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల్ని కార్తె అంటూ రైతు ఏడాదిని 27 భాగాలు చేశాడు. రోళ్ళు పగిలే రోహిణి పోయి మృగశిర వచ్చిందంటే విత్తనాలు బయటికి తీయాల్సిందే. ఆ లెక్కలో ఇప్పటికీ నగరానికి గుర్తున్నది చేప ఒక్కటే. నాంపల్లిలో చేపమందుకి క్యూ, మార్కెట్లో కొరమీను ధర.

గచ్చిబౌలి పేరులో బావి ఉంది. కొండాపూర్‌లో కొండ ఉంది. దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకి మంచినీళ్ళిచ్చింది. ‘రాయదుర్గ్ పాన్‌మక్తా’ అని భూమి కాగితాల్లో ఇప్పటికీ రాస్తారు. మక్తా అంటే స్థిరమైన శిస్తుకి ఇచ్చిన భూమి, నిజాం కాలపు మాట. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం వచ్చింది, సుమారు 2,300 ఎకరాల్లో. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. దానికి కూతవేటు దూరంలోని శిల్పారామంలో మట్టి ఇళ్ళతో ఒక పల్లెటూరి మ్యూజియం పెట్టారు. టికెట్ కొని చూడాలి. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది.

ఆ పల్లెలు స్వర్గాలని అనడం లేదు. వెట్టిచాకిరీ తెలిసిన ప్రాంతం ఇది. మేకలు కాసే పిల్లవాడికి కంచ సాహసం కాదు, పని. కానీ లెక్క ఒకటి తేలలేదు. పట్టా ఉన్నవాడి భూమికి ధర వచ్చింది. కంచలో పశువుల్ని మేపుకున్నవాడికి పట్టా ఎక్కడిది? కాగితంలో అది సర్కారీ భూమి. పంట లేదు, శిస్తు లేదు, కాబట్టి ‘ఖాళీ’. ఆ ఒక్క మాటతో పని సులువైపోతుంది. ఖాళీ జాగాలో పోయేది ఏముంటుంది?

2025 మార్చి చివర్లో విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చాయి. రాత్రీపగలూ చెట్లు కొట్టారు. నెమళ్ళ అరుపుల వీడియోలు ఫోన్ల నిండా తిరిగాయి. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఆ రోజుల్లో ప్రతి వార్తలోనూ ఆ చోటు పేరు వచ్చింది: కంచ గచ్చిబౌలి, సర్వే నంబర్ 25. మనలో చాలామంది ఆ మొదటి మాటని ఇంటిపేరులా చదివి ముందుకెళ్ళిపోయాం. ఆ నేల ఏమిటో, ఎందుకు అలా ఉందో ఆ మాటే చెబుతోంది. సయామా వాళ్ళకి ఉన్నట్టే మనకీ ఒక మాట ఉంది. వాళ్ళు దాన్ని పట్టుకుని చందాలు అడిగారు. మనం సర్వే నంబర్ ముందు వదిలేశాం.

జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. తొలకరి బాగా పడితే ఆ కంచ అంచున, తడి మట్టిలో, ఎర్ర మఖమల్ ముక్కలాంటి పురుగు పాకుతూ కనిపించవచ్చు. ఆఫీసు నుంచి పది నిమిషాల దూరం. అగ్గిపెట్టె అక్కర్లేదు, చూసి వదిలేయండి.