గీటురాయి మీద మన సినిమాలు



బంగారం మంచిచెడ్డలు ప్రొద్దుటూరు ఆడవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. ఎంత మెరిసినా గీటురాయి మీద గీసి చూడందే మనం నమ్మం. సినిమా కథలను కూడా అలా గీసి చూడాలని నా మనవి. కొన్ని చిత్రాల్లో ఎత్తుకున్న కథ మేలిమిదే. హాలు దాటి బయటికి వచ్చేసరికి మాత్రం మనసులో ఏదో వెలితి. ఆ వెలితి ఎక్కడిది? దీనికోసం దూరం పోనక్కరలేదు. పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డిగారి చిత్రాలే చాలు.

వాహినీ సంస్థకు ఆయన తీసిన మొదటి చిత్రం ‘వందేమాతరం’ 1939లో వచ్చింది. చదువుకున్నవాడికి ఉద్యోగం లేకపోవడం, కోడలికి అత్త ఆరళ్ళు - ఇంటింటి కథ. జనం విరగబడి చూశారు. మరుసటి ఏడు ‘సుమంగళి’ వచ్చింది. ఈసారి విషయం బాలవితంతువు బ్రతుకు. వితంతు వివాహానికి చట్టం వచ్చింది 1856లో. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి పెళ్ళి జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆపైన 59 ఏళ్ళు గడిచాక కూడా సినిమా తీసి చెప్పవలసి వచ్చిందంటే, సమస్య ఎంత మొండిదో చూడండి. పంతులుగారి పోలికతో మలచిన వృద్ధుడి పాత్ర నాగయ్యగారు వేశారు. అప్పటికి ఆయనకు 40 ఏళ్ళు కూడా నిండలేదు. చిత్రానికి మంచి పేరు వచ్చింది గాని, ‘వందేమాతరం’ మాదిరి ఆడలేదు. ఆ తప్పంతా చిత్రానిదే అని నేననను. తెర మీది వితంతువును చూసి కంటతడి పెట్టడం సులువు. మన ఇంటి పేరంటంలో ఆమెకు కుంకుమ భరిణె అందించడం కష్టం.

ఆయన తమ్ముడు నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు కలిసి 1950లో ‘షావుకారు’ తీయించారు. దర్శకులు ఎల్.వి. ప్రసాద్‌గారు. ఇరుగుపొరుగున కలిసిమెలిసి ఉన్న రెండు కుటుంబాలు పంతాలకు పోయి విడిపోవడం కథ. తెలిసినవాళ్ళు మెచ్చుకున్నారు, రాబడి మాత్రం అంతంత మాత్రమే. 1951లో అదే సంస్థ ‘పాతాళ భైరవి’ తీస్తే జనం బ్రహ్మరథం పట్టారు. పక్కింటి షావుకారు కంటే నేపాళ మాంత్రికుడే ముద్దయ్యాడన్నమాట!

ఇవి డబ్బు లెక్కలు. ఇంకో రకం వెలితి ఉంది. అది కథలోనే ఉంటుంది. 1955లో వచ్చిన ‘బంగారు పాప’ చూడండి. దీనికి మూలం 1861లో ఇంగ్లండులో వెలువడిన ‘సైలాస్ మార్నర్’ నవల. రాసింది జార్జ్ ఇలియట్. పేరు చూసి మగవాడనుకునేరు! ఆమె అసలు పేరు మేరీ ఆన్ ఇవాన్స్. కరడుగట్టిన కోటయ్య చేతికి ఒక పసిబిడ్డ దొరుకుతుంది. ఆ బిడ్డే అతన్ని మనిషిని చేస్తుంది. ఎస్.వి. రంగారావుగారి నటన, పాలగుమ్మి పద్మరాజుగారి మాటలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి కూడా వచ్చింది.

అంతా బాగానే ఉంది. మరి ఆ బిడ్డను కన్నతల్లి మాటేమిటి? నవలలో, రహస్యంగా పెళ్ళాడినవాడు కాదంటే, బిడ్డను చంకనేసుకుని బయలుదేరి ఆమె మంచులో ప్రాణం విడుస్తుంది. మన చిత్రంలోనూ తల్లి గోడు తొందరగానే వెనకబడిపోతుంది. మిగిలేది పెంచిన తండ్రి ప్రేమ, కన్న తండ్రి పశ్చాత్తాపం. ఆడదాని అన్యాయంతో మొదలైన కథ మగవాళ్ళ మనశ్శాంతితో ముగుస్తుంది. మహిళ రాసిన కథలోనే ఇలా జరిగిందంటే, ఒక్క దర్శకుణ్ణి అని ఏం లాభం?

బి.ఎన్. రెడ్డిగారిని చిన్నబుచ్చాలని కాదు. 1974 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్న తొలి దక్షిణాది వ్యక్తి ఆయన. ఆయన అలాంటి కథలు ఎత్తుకున్నారు కనుకనే మనకు అడిగే చనువు కలిగింది. ఈసారి ఏ చిత్రం చూసినా, పాతదైనా కొత్తదైనా, రెండు ప్రశ్నలు వేసుకోండి. కథ ఎవరి కష్టంతో మొదలైంది? ఎవరి కష్టం తీరాక ముగిసింది? రెండు జవాబులూ ఒకటి కాకపోతే, గీటురాయి మీద రంగు తేడా కనబడినట్టే.