జోడు ఇంజన్లు ఒక్కటైన కథ

1896 మే 6. అమెరికాలోని వర్జీనియా ఒడ్డున, పోటోమాక్ నది మీద ఒక పడవ ఇల్లు లంగరు వేసి ఉంది. దాని కప్పు మీద ఒక వింత వస్తువు ఎగరడానికి సిద్ధంగా ఉంది. ముందొక జత రెక్కలు, వెనకొక జత రెక్కలు, నడుమ చిన్న ఆవిరి ఇంజను, అటూ ఇటూ రెండు ప్రొపెల్లర్లు. మనిషి ఎక్కేది కాదు, బరువు పదకొండు కిలోలకు కాస్త అటూ ఇటూ. దాన్ని కట్టించిన శామ్యూల్ లాంగ్లీ స్మిత్సోనియన్ సంస్థ కార్యదర్శి, పేరుమోసిన ఖగోళ శాస్త్రవేత్త. యాభై దాటిన వయసులో, ఎగరడం అసాధ్యమని పెద్దపెద్దవాళ్లే అంటున్న రోజుల్లో, ఆయన ఈ పిచ్చి పట్టుకున్నాడు. 1893 చివరి నుంచీ ఆయన నమూనాలు ఇదే నదిలో పడుతూనే ఉన్నాయి. ఒకటి ఎగరేసే యంత్రం మీదే చిక్కుకుంది, ఇంకొకదాని రెక్క గాలికి మెలితిరిగింది.

ఆ రోజు కూడా మొదట తీసిన ఆరో నంబరు నమూనా తీగ తగులుకుని నీళ్లలో పడింది. మధ్యాహ్నం ఐదో నంబరును వదిలారు. అది పడలేదు. నెమ్మదిగా చుట్లు తిరుగుతూ పైకి లేచి, కిలోమీటరు దూరం వెళ్లి, ఆవిరి అయిపోయాక మెల్లగా నీటి మీద వాలింది. అక్కడే ఉండి చూసి, దాన్ని ఫొటో తీసిన మనిషి మరెవరో కాదు, టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్. ఆ సాయంత్రమే దాన్ని తుడిచి మళ్లీ ఎగరేశారు.

ఈ కథకు కావలసిన కీలకం అందులోనే ఉంది. ప్రొపెల్లర్లు రెండు, ఇంజను మాత్రం ఒక్కటే. పళ్ల చక్రాలతో ఒకే బలాన్ని రెండు వైపులకూ పంచాడు లాంగ్లీ. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగిరిన విమానంలోనూ అంతే: ఒక ఇంజను, రెండు సైకిల్ గొలుసుల్లాంటి గొలుసులు, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు. ఎడమదీ కుడిదీ ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగి తీరాల్సిందే. ఎంత మంచి ఏర్పాటో అప్పట్లో ఎవరికీ పూర్తిగా తెలియలేదనుకుంటాను. దాన్ని వదిలిపెట్టాకే దాని విలువ బోధపడింది.

వదిలిపెట్టడానికి కారణం ఒక దోమ. రష్యాలో ఇగోర్ సికోర్‌స్కీ అనే కుర్ర ఇంజనీరు తాను కట్టుకున్న విమానంలో ఎగురుతుండగా ఇంజను ఠక్కున ఆగిపోయింది. గోడకు గుద్దుకోకుండా ఎలాగో నేలకు దింపి, విప్పి చూస్తే కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్నటి దారిలో దోమ ఇరుక్కుని ఉంది. ఒక దోమ చాలు మనిషి ప్రాణం తీయడానికని ఆయనకు అర్థమైంది. ఇంజను ఆగితే ఆదుకునే ఇంకో ఇంజను ఉండాలన్న పట్టుదలతో 1913లో ఏకంగా నాలుగు ఇంజన్ల విమానాన్ని ఎగరేశాడు. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు బ్రిటిష్ వైమానికులు జోడు ఇంజన్ల విమీ విమానంలో ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటేశారు. అప్పటి నుంచి పెద్ద విమానానికి ఒకటికి మించి ఇంజన్లు ఉండడం మామూలైపోయింది.

మరి చిన్న విమానాలకో? ఇంట్లో చెక్క పుల్లలతో కట్టి, కింద నిలబడి రేడియోతో నడిపే విమానాలకు రెండు ఇంజన్లు పెట్టబోయిన వాళ్లందరూ ఒకే గోడకు గుద్దుకున్నారు. మా నరసన్నపేటలో ఎవరినైనా అడగండి, "ఒకటి ఆగిపోతే రెండోది ఉంది కదేటి?" అంటారు. న్యాయమైన మాటే. కానీ ఇంజన్లు రెక్కల మీద ఉంటాయి, ఒకటి అటు, ఒకటి ఇటు. జోడెద్దుల బండిలో ఒక ఎద్దు చతికిలబడితే రెండోది ఎంత బలంగా లాగితే బండి అంత వేగంగా పక్కకు తిరుగుతుంది. విమానమూ అంతే. ఆగిన ఇంజను వైపు ముక్కు తిరుగుతుంది. రెండో వైపు రెక్కకు గాలి ఎక్కువ తగిలి అది పైకి లేస్తుంది. వేగం తగ్గిందా, తోక మీది చుక్కానికి ఆ తిప్పుడును ఆపే బలం చాలదు. ఇంకేముంది, గింగిరాలు తిరుగుతూ నేలకు. పెద్ద విమానంలో పైలట్ కూర్చుని ఉంటాడు, ఒంటికి తెలుస్తుంది, కాలు నొక్కుతాడు. కింద నిలబడ్డవాడికి విషయం తెలిసేసరికి విమానం తలకిందులై ఉంటుంది.

అసలు రేడియోతో విమానాన్ని నడపడమే ఒక యజ్ఞం. 1930లలో అమెరికాలోని కలమజూలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవలలుండేవారు. భౌతికశాస్త్రం విద్యార్థులు. వాల్టర్‌కు విమానాల పిచ్చి, విలియంకు హామ్ రేడియో పిచ్చి. ఒకడు ఎనిమిది అడుగుల రెక్కతో 'గఫ్' అనే విమానం కట్టాడు, ఇంకొకడు గాజు వాల్వులతో దానికి రిసీవరు చేశాడు. బరువైన బ్యాటరీలు, ఇంజను అదురుకు వదులయ్యే తీగలు, స్పార్కు రొదలో మునిగిపోయే సంకేతాలు. చుక్కానిని కదిపింది ఏమిటనుకున్నారు? మెలితిప్పిన రబ్బరు. రేడియో సంకేతం అందగానే చిన్న కొక్కెం వదులవుతుంది, రబ్బరు బలంతో చుక్కాని ఒక మెట్టు తిరుగుతుంది. కొంచెం, ఎక్కువ అనే తేడా లేదు, తిరిగితే పూర్తిగా, లేకపోతే లేదు. ఆ సరంజామాతోనే 1940లో అమెరికా జాతీయ పోటీల్లో గెలిచారు. ఇప్పుడు గఫ్ స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. లాంగ్లీ నమూనా ఉన్నదీ ఆ సంస్థలోనే.

మెట్టు మెట్టుగా తిరిగే చుక్కానితో జోడు ఇంజన్లను అదుపు చేయడం కలలోని మాట. వేలు కదిపినంత మేరే చుక్కాని కదిలే రేడియోలు వాడుకలో స్థిరపడడానికి 1960ల దాకా ఆగాలి. డగ్ స్ప్రెంగ్, డాన్ మాథర్స్ చేసిన 'డిజికాన్' ఆ దారిలో పెద్ద అడుగు. చేతికి అదుపు వచ్చింది. ఇంజన్లకు మాత్రం రాలేదు.

ఆ ఇంజన్ల గురించి కాస్త ఆగి చెప్పాలి. 1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గు తెచ్చాక స్పార్కు కాయిల్, దాని బ్యాటరీ మోయాల్సిన బాధ తప్పింది. మిథనాల్‌లో నైట్రోమీథేన్, మన ఆముదం కలిపి పోస్తే బొటనవేలంత సిలిండరున్న ఇంజను నిమిషానికి పదివేల చుట్లు తిరుగుతుంది. గాలిలో ఎంత ఇంధనం కలవాలో నిర్ణయించేది సూదిలాంటి ఒక మర. ఒక చిన్న క్లిక్కు అటు తిప్పితే ఇంజను పొగ కక్కుతూ మందగిస్తుంది, ఇటు తిప్పితే కాసేపు జోరుగా తిరిగి వేడెక్కి ఆగిపోతుంది. ట్యాంకులో మట్టం తగ్గేకొద్దీ ఈ లెక్కా మారిపోతుంది. ఒక్కదానికే ఇంత ఓపిక కావాలంటే, రెండింటినీ ఒకే స్వరంలో పాడించడం ఎంత పని!

నిజంగానే స్వరం పని. రెండూ ఒకే వేగంతో తిరిగితే ఒకే నాదం వినిపిస్తుంది. ఒకటి నిమిషానికి 9,000, ఇంకొకటి 9,060 చుట్లు తిరిగితే రొద పెరుగుతూ తరుగుతూ వూం... వూం... అని అలలుగా వస్తుంది. రెండు రెక్కల ప్రొపెల్లర్లయితే సెకనుకు రెండు అలలు. పాతకాలం మోడలర్లు ఆ అల నెమ్మదించి కలిసిపోయేదాకా చెవి ఒగ్గి మర తిప్పేవారు. ఇంధనం గొట్టాన్ని రెండు వేళ్లతో క్షణం నొక్కి, వేగం కాస్త పెరిగితే 'ఇంకా తడి ఉంది, పరవాలేదు' అనుకునేవారు. ముక్కు ఆకాశానికి ఎత్తి పట్టుకుని రెండూ నిలబడతాయో లేదో చూసేవారు. ట్యాంకులు ఒకే కొలతవి పెట్టేవారు, ఖాళీ అయితే రెండూ ఒకేసారి కావాలని. ఇంజన్లను రెండు మూడు డిగ్రీలు బయటికి తిప్పి బిగించేవారు, ఒకటి ఆగితే రెండోదాని లాగుడు విమానాన్ని తక్కువ తిప్పుతుందని.

ఇన్ని చేసినా ఒకటి ఆగేది. అప్పుడు రేడియో చేతిలో ఉన్న మనిషి సహజబుద్ధి అతని మీదకే తిరగబడేది. బలం తగ్గిందని బతికున్న ఇంజనుకు గ్యాస్ పెంచుతాడు, దానితో తిప్పుడు ఇంకా పెరుగుతుంది. కూలిన విమానాల దగ్గర నిలబడి నేర్చుకున్న పాఠం దీనికి పూర్తిగా ఎదురు: గ్యాస్ తగ్గించు, ముక్కు కిందకి దించి వేగం నిలుపుకో, ఆగిన వైపు తిరగకు, ఎక్కడ చోటుంటే అక్కడ దిగు. బలం తక్కువైనప్పుడు ఉన్న బలాన్ని కూడా తగ్గించుకోవాలన్న ఆ సూత్రం కనుక్కున్నవాళ్ల ధైర్యం నాకు అబ్బురంగా ఉంటుంది. అది కాగితం మీద లెక్కలోంచి వచ్చింది కాదు, నెలల తరబడి అతికించిన రెక్కలు తునాతునకలైతే వచ్చింది.

ఈ చిక్కు నుంచి విడుదల ఎవరూ చూడని వైపు నుంచి వచ్చింది. 1957 జూన్ 30న ఇంగ్లండ్‌లో కల్నల్ టాప్లిన్ అనే ఆయన 'రేడియో క్వీన్' అనే విమానాన్ని వెండి-జింకు బ్యాటరీతో, విద్యుత్ మోటారుతో ఎగరేశాడు. జర్మనీలో ఫ్రెడ్ మిలిట్‌కీ, అమెరికాలో రాబర్ట్ బౌచర్ ఏళ్ల తరబడి ఈ దారినే పట్టుకున్నారు. బౌచర్ 1974లో సూర్యరశ్మితోనే ఒక విమానాన్ని లేపాడు కూడా. కానీ నికెల్-కాడ్మియం బ్యాటరీల బరువు, మోటార్లలో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు, ఎగిరే కొద్ది నిమిషాలు చూసి చాలామంది పెదవి విరిచారు. అయినా చౌక మోటార్లు రెండింటిని ఒకే బ్యాటరీకి, ఒకే కంట్రోలరుకు కలిపి ఎగరేసిన వాళ్లు ఒక సంగతి గమనించారు. ఒకటి ఆగి, రెండోది తిరగడమన్నది దాదాపుగా జరగడం లేదు! బ్యాటరీ నీరసిస్తే రెండూ కలిసి నీరసిస్తున్నాయి. లాంగ్లీ నమూనాలో ఉన్న ఏర్పాటు, ఒకే బలం రెండు చేతులకు పంచడం, ఇంకో రూపంలో తిరిగి వచ్చింది.

ఆ తర్వాత వచ్చిన మలుపు చెత్తబుట్టలోంచి వచ్చింది. 2000 దాటిన కొత్తలో పాడైన కంప్యూటర్ల సీడీ డ్రైవ్‌లు గుట్టలుగా పడి ఉండేవి. వాటిలో సీడీని తిప్పే బుల్లి మోటారుకు బ్రష్‌లు ఉండవు, బయటి గిన్నె తిరుగుతుంది, లోపలి తీగచుట్లు కదలవు. కొందరు ఔత్సాహికులు దాన్ని ఊడదీసి, లావు రాగితీగ చుట్టి, గిన్నె లోపల బలమైన నియోడిమియం అయస్కాంతాలు అతికించి ప్రొపెల్లరు తగిలించారు. కొన్ని గ్రాముల ఆ మోటారు విమానాన్ని లాక్కుపోయింది. గేరు లేకుండానే పెద్ద ప్రొపెల్లరును తిప్పగల మోటార్లు ఇంటి బల్ల మీద పుట్టాయి. సెల్‌ఫోన్ల కోసం ఎదిగిన లిథియం బ్యాటరీలు బరువు సమస్యను తీర్చాయి. మన దేశంలో 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా వదిలారు. ఆ పట్టీలో పనిచేసే కొత్త రేడియోలు ఒకరి సంకేతం ఇంకొకరి విమానాన్ని పడగొట్టకుండా చేశాయి.

అందుకే ఇవాళ నరసన్నపేటలో ఇంజనీరింగ్ చదివే మా వీధి కుర్రాడు సన్‌బోర్డు అట్ట, కార్బన్ పుల్ల, గ్లూ గన్‌తో ఇంట్లోనే జోడు మోటార్ల విమానం కట్టుకోగలిగాడు. ఒకే బ్యాటరీ. రెండు మోటార్లకూ విడివిడిగా రెండు కంట్రోలర్లు, ఎందుకంటే బ్రష్‌లు లేని మోటారుకు దేని కంట్రోలరు దానికుండాలి. రెండూ రిసీవరుకు కరెంటు ఇస్తే పోట్లాడుకుంటాయని ఒకదాని ఎర్రతీగను పిన్నుతో లాగి, టేపు చుట్టాడు. గ్యాస్ పుల్ల సగం ఎత్తితే కుడిది లేచి ఎడమది నిద్రపోతోంది. రెండు కంట్రోలర్లకూ ఆ పుల్ల అడుగు ఏదో అంచు ఏదో మళ్లీ నేర్పించాక ఒకేసారి కదిలాయి. పాతవాళ్లు మర తిప్పి చేసిన పనే ఇది. ఎడమ ప్రొపెల్లరు మామూలుది, కుడిది ఎదురు తిరిగేది. చుక్కాని పుల్ల పక్కకు తోస్తే ఒక మోటారు పెరిగి ఇంకొకటి తగ్గేలా రేడియోలో కలిపాడు. ఒకప్పుడు విమానాన్ని చంపిన తేడానే ఇప్పుడు నేల మీద మలుపు తిప్పే పనికి పెట్టుకున్నాడు.

2021 డ్రోన్ నియమాలు 25 కిలోలు మించని మోడల్ విమానాలను చదువుకీ సరదాకీ కనుచూపు మేరలో ఎగరేసుకోనిస్తాయి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా. అందుకని హైవేకీ కరెంటు తీగలకీ దూరంగా, కోతలైపోయిన మళ్లలో, కళింగపట్నం వైపు నుంచి సముద్రపు గాలి లేవకముందే వెళ్లాం. రెండు సరళమైన చుట్లు వేశాక ఎత్తుకు తీసుకెళ్లి, "ఎడంది ఆపేస్తన్నాను బాబాయ్" అన్నాడు. స్విచ్చి వేశాడు. ముక్కు ఎడమకు తిరగడం స్పష్టంగా కనబడింది. అతని ఎడమ బొటనవేలు గ్యాస్‌ను కిందికి లాగింది, ముక్కు దిగింది, వేగం నిలిచింది, చుక్కాని పట్టు తిరిగి దొరికింది. అప్పుడు కుడి మోటారుకే మెల్లగా గ్యాస్ పెంచుతూ, కుడివైపు వెడల్పుగా ఒక చుట్టు తిప్పి, గాలికి ఎదురుగా తెచ్చి మడిలో దింపాడు. వెంటనే మోటార్లు పట్టి చూశాడు. కుడిది వేడిగా ఉంది, ఎడమది చల్లగా. మళ్లీ బ్యాటరీ మార్చి, ఈసారి కుడిదాన్ని ఆపి చూద్దామని పైకి లేపాడు.